అక్షరాలు కొలిచే మనిషి

ఈగ పాప కంటి మీద వాలింది. రెప్ప పడలేదు.

మా వరండా మెట్ల మీద బుజ్జమ్మ చేపల గంప దించి, చంకలోని బిడ్డను ఒడిలోకి మార్చుకుని, నాతో రొయ్యలు బేరమాడుతోంది. బుజ్జమ్మది పులికాటు సరస్సు ఒడ్డున పల్లె. పొద్దున్నే గంపతో సూళ్లూరుపేట వచ్చి నాలుగు వీధులు తిరిగి అమ్ముకుని పోతుంది. గంప చుట్టూ ఎప్పటిలాగే ఈగలు. వాటిలో ఒకటి పాప బుగ్గ మీద నడిచి, కంటి కొసదాకా పోయి, నల్లగుడ్డు మీదికెక్కి నిలబడింది. పాప నిద్రపోవడం లేదు. కన్ను సగం తెరిచే ఉంది. నా ఒడిలో అదే ఈడు నా కొడుకు గోపి. వాడి ముఖం దగ్గరికి ఈగ వస్తే చాలు, తల విదిలించి, కాళ్ళూ చేతులూ ఆడించి యాగీ చేసేవాడు. ఆ పాప రెప్ప ఎప్పుడు పడుతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఈగ ఆ గుడ్డు మీదే నిలబడి ముందు కాళ్ళు రుద్దుకుంది. నేనే చెంగుతో తోలాను.

"బుజ్జమ్మా, బిడ్డ కన్ను చూశావా?"

"చూస్తానే ఉండానమ్మా. ఏందో, ఒకటే మత్తు. ఎలుతురొస్తే ముడుచుకుంటాది. ఉప్పుగాలికేమో అనుకుంటి."

వంగి చూశాను. తెల్లగుడ్డులో తడి లేదు. మెరుపు లేదు. ఆరబెట్టిన కాగితంలా సన్నగా ముడతలు పడి ఉంది.

"ఏం పాలు పడుతున్నావు దీనికి?"

"పాలపొడమ్మా. ఖాదరు సాయిబు అంగట్లో పొట్లం కట్టిస్తాడే, అది. నాకు జొరమొచ్చి పాలు ఎండిపాయె. మంచి పాలేలే. తెల్లంగా ఉంటాయి. తాగి పడుకుంటాది."

ఇది కొన్నేళ్ళ కిందటి మాట; ఆ బిడ్డ సంగతి మళ్ళీ వస్తుంది. నేను రాయడానికి కూర్చున్నది మాత్రం వేరొక మనిషి గురించి. ఆయన కోవూరులో సొంత ఇంట్లో పోయారని ఈ సాయంత్రం మా వారు స్టేషన్ నుంచి కబురు తెచ్చారు. మా వారు రైల్వేలో గూడ్సు గుమాస్తా. ఊళ్ళో మాటలన్నీ ముందు ఆయన కిటికీకే వస్తాయి. పంచాయతీ ఆఫీసులో సంతాప సభ పెడతారట. "నిప్పులాంటి మనిషి. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసియ్యి. బి.ఏ. చదివినదానివి నువ్వే గదా అని అందరూ అడుగుతా ఉండారు" అని తెల్లకాగితాలు బల్ల మీద పెట్టి పడుకున్నారు. పిల్లలు కూడా పడుకున్నారు. రాస్తున్నాను. ఇవి ఆ నాలుగు మంచి మాటలు కావు.

ఆ పోయిన పెద్దమనిషి మా ఊళ్ళో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉండేవారు. తినే వస్తువుల్లో కల్తీ పట్టుకునే అధికారం కూడా ఆయనదే. మా వీధి చివరి ఇంట్లో కాపురం. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో పెన్ను, పెన్ను పక్కన తలెత్తి చూస్తూ ఒక ఇత్తడి స్కేలు. ఆయనకన్నా ముందు కార్బాలిక్ సబ్బు వాసన వీధిలోకి వచ్చేది. ఏ అంగడిలో ఏం ముట్టుకున్నా, బయటికి రాగానే చేతుల మీద నీళ్ళు పోయించుకుని, ఒక్కొక్క వేలూ విడిగా తుడుచుకునేవారు. తర్వాత స్కేలు తుడిచేవారు. అంత శుభ్రమైన గోళ్ళు నేను మరో మగవాడికి చూడలేదు.

ఆయన చెయ్యి చాచని మాట నిజం. అంగట్లో టీ తాగరు. వక్కపలుకు ముట్టరు. ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకుంటారు. ఒకసారి ఆయన భార్య కూరగాయలామె దగ్గర వంకాయలు కొంటే, ఆమె అలవాటుగా రెండు కరివేపాకు రెమ్మలు పైన పెట్టిందట. ఆయన అన్నానికి కూర్చోబోతూ అది విని, ఆ రెమ్మలు చేతపట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో మార్కెట్టుకు నడిచారు. కూరగాయలామె వాడిపోయిన ఆ రెమ్మలు తీసుకుని, "అయ్యా, పులుసులో ఎయ్యకుండానే తెచ్చినారే" అన్నదట. ఊరంతా ఈ కథ చెప్పుకుని మురిసిపోయేది. నేనూ నవ్వాను, అప్పట్లో.

ఆయన నోట ఎప్పుడూ ఒక మాట ఉండేది: "రాసుండాది." బస్టాండు గోడ మీద ఇక్కడ ఉమ్మరాదని రాయించింది ఆయనే. ఎవరైనా ఉమ్మితే కేకలు వెయ్యరు. తిట్టరు. నెమ్మదిగా వెళ్ళి పక్కన నిలబడి, స్కేలుతో గోడకేసి చూపించి, "రాసుండాది గదా" అంటారు. ఆ మనిషికి చదవడం వచ్చా రాదా అని అడగగా నేను ఎప్పుడూ వినలేదు.

చుట్టుపక్కల పల్లెల నుంచి పాలు తెచ్చే ఆడవాళ్ళు రైల్వే గేటు దాటి ఊళ్ళోకి వస్తారు. ఆయన అక్కడ కాపు కాసేవారు. పాలలో చిక్కదనం కొలిచే గాజుగొట్టం తేల్చి, వంగి గీత చూసేవారు.

"నీళ్ళు కలిపినావా?"

"రవ్వంత సామీ. చంటిబిడ్డలుండే ఇళ్ళకి పోసేది, ఊరికే కలపతానా? ఎండకి చిక్కబడి ఇరుగుతాయని."

"కలిపినావా లేదా?"

"కలిపినా."

"అయితే పారబొయ్యి."

బిందె గట్టు మీద వంచితే పాలు కాలవలో కలిసేవి. కుక్కలు వచ్చేవి. చూసేవాళ్ళు భేష్ అనేవాళ్ళు. ఆయన చేతులు కడుక్కునేవారు. కొన్నాళ్ళకు పాలవాళ్ళు మా ఊరు మానుకుని, గూడూరు బండెక్కడం మొదలుపెట్టారు. మాలాంటి వాళ్ళం ఎవరో ఒకరిని బతిమాలి ఇంటికే గేదెను తోలించుకుని కళ్ళెదుట పిండించుకున్నాం. అది చేతకానివాళ్ళ కోసం అంగళ్ళలోకి పెద్ద పెద్ద డబ్బాలలో పాలపొడి వచ్చింది. డబ్బా కొనే స్తోమత ఎవరికుంది? అంగడివాడు మూత తీసి, చెంచాతో తోడి, కాగితంలో పొట్లం కట్టేవాడు.

ఆ రోజు నేను గోపిని ఎత్తుకుని, బుజ్జమ్మను వెంటబెట్టుకుని ఖాదరు సాయిబు అంగడికి పోయాను. పిల్లల విషయంలో నాకు భయమెక్కువ. మద్రాసు నుంచి గోపికి తెప్పించే డబ్బా మీద కూడా ప్రతి అక్షరం చదివిగాని మూత తియ్యను. మా వారు వేళాకోళం చేస్తారు. సాయిబును ఆ పాలపొడి డబ్బా దించమన్నాను. ముందు వైపు ఆవు బొమ్మ. తిప్పి చూస్తే అడుగున, చుట్టూ గీత గీసిన గడిలో, ఇంగ్లీషులో ఒకే ముక్క. వెన్న తీసేసిన పాలు, పసిపిల్లలకు పనికిరావు.

తెలుగులో పైకి చెప్పాను. సాయిబు చేతిలో చెంచా ఆగిపోయింది. బుజ్జమ్మ మాత్రం నవ్వింది.

"ఊరుకోమ్మా. పాలు బిడ్డలకి పనికిరాకపోతే ఇంకెవురికి పనికొస్తాయి, ఎద్దులకా?"

"నేను ఎగతాళి చెయ్యడం లేదు. ఇక్కడ రాసి ఉంది."

"యాడ?" అని వంగి, ఆ గడినీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. నవ్వు పోయింది.

సాయిబు నెత్తి మీద టోపీ సర్దుకున్నాడు. "అల్లా తోడమ్మా, నాకు తెలీదు. నాకు తెలుగే కూడబలుక్కుంటే వస్తాది. ఆవు బొమ్మ చూసి తెప్పించినా."

సబ్బు వాసన వచ్చింది. ఆయన అంగడి తనిఖీకి వస్తున్నారు. వెయ్యి కళ్ళతో ఎదురుచూసినట్టు నేను డబ్బా ఆయన చేతికిచ్చి, ఆ గడి చూపించాను. ఆయన జేబులోంచి ఇత్తడి స్కేలు తీసి, రుమాలుతో తుడిచి, ఆ గడి మీద ఆనించారు. ఒక కన్ను మూసి చూశారు.

"సరిగ్గా ఉండాది" అన్నారు.

"ఏం సరిగ్గా ఉందండీ?"

"అక్షరాల ఎత్తమ్మా. ఇంతకి తగ్గకూడదని రూలు. కొందరు చీమతలకాయంత ఏస్తారు. వీళ్ళు చక్కగా ఏసినారు, ఒప్పుకోవాల. నేను పోయిన తూరి గూడా కొలిచినా."

"ఈ బిడ్డను చూడండి. దీనికి ఇదే పోస్తున్నారు."

ఆయన చూశారు. ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని, అడుగు దూరం నుంచి చూశారు. "ఆసుపత్రికి తీసకపోవాల" అన్నారు.

"ఇంగ్లీషులో రాస్తే ఈ ఊళ్ళో ఎవరు చదువుతారు?"

"మీరు చదివినారు గదమ్మా."

"అమ్మేది పొట్లం కట్టి. పొట్లం మీద ఏమీ లేదు కదా?"

"డబ్బాకే రూలు. పొట్లానికి లేదు."

"ఇది పసిపిల్లలకే పోస్తున్నారని మీకు తెలియదా?"

"ఎందుకు తెలీదు? ఊరంతా పోస్తా ఉండారు. తెలవడం వేరు, కేసు వేరు. పైన ఎక్కడా తప్పు లేకుండా రాసుండాది. నేనేం రాసేది?"

"మీ మనవడికి పోస్తారా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. చిన్నగా నవ్వి, "మాకు గేదె ఉండాది లేమ్మా" అన్నారు. గర్వంగా కూడా కాదు, ఇంట్లో క్షేమం అడిగితే చెప్పినట్టు. తర్వాత చేతులు ముందుకు చాచారు. సాయిబు చెంబుతో నీళ్ళు పోశాడు. ఆయన ఒక్కొక్క వేలూ విడిగా తుడుచుకుని, తర్వాత స్కేలు తుడిచారు.

మర్నాడు పాసింజరు బండిలో బుజ్జమ్మనూ బిడ్డనూ నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ రెప్పలు విప్పి చూశారు. "తల్లిపాలు లేవు. అన్నం తినే వయసు కాదు. పోసేవి వెన్న తీసిన పాలు. కంటికి కావలసింది ఆ వెన్నలోనే పోయింది" అన్నారు. ఎడమకన్ను దక్కవచ్చు, కుడికన్నుకు ఆలస్యమైంది అన్నారు. చుక్కలు చుక్కలుగా తాగించమని ఒక సీసా ఇచ్చారు. సొరచేప కాలేయం నూనె. బుజ్జమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఇదా? మావోళ్ళు పడవలకి పూస్తారే, ఇదేనా? చెక్క ఎండిపోకుండా పూస్తారు." సీసా మూత బిగించింది. దాన్ని రొంటిన దోపుకుని బండెక్కింది.

ఎడమకన్ను దక్కింది. కుడికంట్లో తెల్లగా పువ్వు వేసి చూపు పోయింది.

ఖాదరు సాయిబు తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. అంగట్లో ఇంకా డబ్బాలున్నాయి, కొత్తవీ వస్తాయి. "ఆ మాట తెలుగులో రాసియ్యమ్మా, పెద్ద అక్షరాలతో. అంటిస్తా" అన్నాడు. వరండాలో కూర్చుని కాగితాలు కత్తిరించి రాశాను: ఇది పసిబిడ్డలకు పోయరాదు. సాయిబు భార్య మైదాపిండి ఉడికించింది. ఆ సాయంత్రమే అన్నీ అంటించారు. కొనడానికి వచ్చినవాళ్ళు ఎవరిచేతనైనా చదివించుకుని, "పెద్దోళ్ళకేనా?" అని అడిగి, తీసుకునేవాళ్ళు తీసుకున్నారు, మానేవాళ్ళు మానుకున్నారు. చంటిపిల్లల తల్లులు మానుకున్నారు. కొద్దిరోజులు నేను నిశ్చింతగా అన్నం తిన్నాను.

ఆయన వచ్చారు. స్కేలు తీశారు. కొలవడానికి అక్షరాలు కనపడలేదు. సాయిబు తెలుగు కాగితాన్ని సరిగ్గా ఇంగ్లీషు మాట మీదే అంటించాడు. "ఆ మాటా ఈ మాటా ఒకటే గదమ్మా. రెండు చోట్ల ఎందుకని దాని మీదే ఏసినా" అని తర్వాత నాతో మొత్తుకున్నాడు. ఆయన డబ్బాలన్నీ వరుసగా పెట్టించి, సాక్షులను పిలిపించి, లక్క కరిగించి సీలు వేసి, లేబుల్ కప్పిపెట్టిన నేరానికి కేసు రాశారు.

నేను వాళ్ళింటికి పోయాను. వరండాలో కుర్చీ వేసి, లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించారు. నేను ముట్టలేదు.

"అందులో ఉన్న మాటే తెలుగులో రాశాం. రాసింది నేను. కేసు పెడితే నా మీద పెట్టండి."

"మీరు అంగడి నడపడం లేదే. మీ మీద ఎట్టా పెడతా?"

"అదే మాట కదండీ?"

"అదే మాటా కాదా అని నేను చూడ్డం లేదమ్మా. రాసుండాల్సింది కనపడాల. కనపడని దాన్ని ఎట్టా కొలిచేది?" అని, నిజంగానే నన్ను ఒక ఉపాయం అడుగుతున్నట్టు చూశారు. "సాయిబు మంచోడు. కోర్టులో అడిగితే ఆ మాట నేనే చెప్తా. కేసు మటుకు కేసే."

"పక్కన అంటించుకోవచ్చా అయితే?"

"అంటించమనీ లేదు, వద్దనీ లేదు. లేనిదానికి నేను సరే అనలేను."

పెరట్లో గేదె అరిచింది. ఆయన ఆ వైపు తల తిప్పి, "దూడని ఇప్పినారా?" అని లోపలికి అడిగారు.

సాయిబుకు జరిమానా పడింది. ఆ తర్వాత అతను ఆ పొడి తెప్పించడమే మానేశాడు. మిగతా అంగళ్ళవాళ్ళు మానలేదు. ఆ డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు తగినంత ఎత్తు ఉండేవి. సాయిబుకు పట్టిన గతి చూశాక తెలుగు కాగితం అంటించడానికి ఎవరూ సాహసించలేదు. నేను నాలుగు వీధులూ తిరిగి చంటిపిల్లలున్న ఇళ్ళలో చెప్పాను. పల్లెల్లో నాకు తెలియని ఇళ్ళలో ఎందరు ఆ పొట్లాలు కొన్నారో నాకు తెలియదు. ఆ ఆలోచన రాకుండా ఉండటానికి నేను రోజూ ఏదో ఒక పని పెట్టుకుంటాను.

ఆయన నా మీద పగబట్టలేదు. అది కూడా చెప్పాలి. ఎదురైతే నమస్కారం పెట్టేవారు. గోపికి మశూచి టీకా వేయించానా అని అడిగేవారు. ఆయనలో ఎక్కడో ఒక దుర్మార్గం కనపడితే నాకు సుఖంగా ఉండేదేమో. లంచం తిన్నవాడిని తిట్టి నిద్రపోవచ్చు. ఆ డబ్బా నింపినవాళ్ళను నేను చూడలేదు. అక్షరం ఇంత ఎత్తుంటే చాలునని ఎక్కడో కూర్చుని నిర్ణయించినవాళ్ళనూ చూడలేదు. ఈయనను చూశాను. ఈయన ఆ పాపను చూశారు.

బదిలీ అయి కోవూరు వైపు పోయే ముందు, ఆయన్ని చివరిసారి చూసింది మా గుమ్మంలోనే. బుజ్జమ్మ మెట్ల మీద గంప దించింది. చిట్టి, అంటే ఆ పాపే, అప్పటికి నడక నేర్చి గంప అంచు పట్టుకుని నిలబడింది. ఆయన వీధిలో పోతున్నవారు ఆగి, స్కేలుతో గంపను చూపించారు.

"ఈగలు వాలతా ఉండాయి. పల్చని గుడ్డ కప్పాల. రాసుండాది."

చిట్టి తల ఎత్తి, తనకు కనపడే కంటితో ఆయన్ని చూడటానికి మెడ పక్కకు తిప్పింది. ఆ పిల్ల ఎవరో ఆయనకు గుర్తున్నట్టు లేదు. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. ఏమీ కదల్లేదు.

"అట్టనే సామీ" అంది బుజ్జమ్మ. చెంగు తీసి గంప మీద కప్పింది. ఆయన మలుపు తిరిగాక, "ఈగలకి గూడా రూలుండాదంటమ్మా" అని, నా వైపు చూడకుండా రొయ్యలు లెక్కపెట్టసాగింది.

ఇంతవరకు రాసి దీపం తగ్గించాను.

పొద్దున మా వారు బల్ల దగ్గర నిలబడి చదివారు. చదివి, "ఇది సభలో చదివేది కాదే" అన్నారు. కాదన్నాను. ఆయన వాదించలేదు. మిగిలిన తెల్లకాగితాలు సంచిలో పెట్టుకుని స్టేషన్‌కు పోయారు.

పిల్లలు బడికి తయారవుతున్నారు. మా పెద్దది రాధ జడ అల్లించుకుంటూ, "నిప్పులాంటి మనిషంటే ఏందమ్మా?" అని అడిగింది. రాత్రి తండ్రి మాటలు విన్నట్టుంది.

"దొంగతనం చెయ్యనివాడని."

"అయితే మంచోడన్నమాట" అన్నాడు గోపి.

అప్పుడే బుజ్జమ్మ గంప దించిన చప్పుడు అయింది. చిట్టి మెట్టు మీద కూర్చుని, ఎప్పటిలాగే ఎడమకన్ను మా వైపుండేలా మెడ తిప్పుకుంది. ఇన్నాళ్ళూ ఆ కన్ను సంగతి మా పిల్లలు అడిగితే, చిన్నప్పుడు జబ్బు చేసిందని చెప్పి ఊరుకున్నాను.

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. చిట్టికి అది జబ్బు కాదు. చంటిపిల్లగా దానికి పోసిన పాలపొడి డబ్బా మీద, దీన్ని పసిపిల్లలకు పోయకూడదని రాసి ఉంది. వాళ్ళమ్మకు చదవడం రాదు. అంగడి సాయిబుకు ఇంగ్లీషు రాదు. చదవడం వచ్చిన మనిషి ఒకాయన ఆ డబ్బాను ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలు ఎంత ఎత్తున్నాయో కొలిచాడు. పక్కనే పొట్లం కట్టించుకుంటున్న తల్లులు నిలబడి ఉన్నారు. ఒక్కసారి కూడా వాళ్ళకు వినపడేటట్టు పైకి చదవలేదు.

గోపి చిట్టి వైపు చూసి, నా వైపు చూశాడు.

"ఎందుకు చదవలేదమ్మా?"

"చదివి వినిపించమని ఎక్కడా రాసి లేదు నాన్నా."